వెల్లెస్లీ బిరుదు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? బ్రిటిష్ బిరుదుల వారసత్వం మీరే తవ్వి చూసుకోవడం ఎలా

హైదరాబాద్‌లో హెరిటేజ్ వాక్‌లకి వెళ్లేవాళ్లకీ, క్విజ్‌లు ఆడేవాళ్లకీ, గ్రూప్స్‌కి చదివేవాళ్లకీ కామన్‌గా తగిలే కన్ఫ్యూజన్ ఒకటుంది. మలక్‌పేట అవతల, నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచ్ సేనాని రేమండ్ సమాధి దగ్గర నిలబడి ఎవరో "1798లో వెల్లెస్లీ వచ్చాక ఇక్కడ ఫ్రెంచోళ్ల పని అయిపోయింది" అంటారు, పక్కనాయన "వాటర్లూలో గెలిచినాయనే కదా" అంటాడు, ఇంకొకావిడ "మరి ఆయన డ్యూక్ కదా, లార్డ్ వెల్లెస్లీ అంటారేంటి" అంటుంది, ఇంక అక్కడ్నుంచి ఒకటే లొల్లి. ముందు అది తేల్చేద్దాం. 1798లో నిజాం అలీ ఖాన్‌తో సైన్యసహకార ఒప్పందం చేయించింది గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ. వాటర్లూ ఆయన రిచర్డ్ తమ్ముడు ఆర్థర్, అంటే డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. రిచర్డ్‌కి ఇండియా మీద వచ్చిన పెద్ద బిరుదు 1842లో ఆయనతోనే పోయింది. తమ్ముడి బిరుదు ఇప్పటికీ నడుస్తోంది, 9వ డ్యూక్ ఉన్నాడు. ఇంకా తమాషా ఏంటంటే రిచర్డ్ దగ్గరున్న ఇంకో పాత బిరుదు చచ్చిపోకుండా చుట్టూ తిరిగి వచ్చి ఇదే డ్యూక్ గారి దగ్గర చేరింది.

ఒక బిరుదు ఎందుకు పోయింది, ఇంకోటి ఎందుకు తిరిగొచ్చింది అనేది ఎవర్నీ అడక్కుండా మనమే లెక్క కట్టుకోవచ్చు. లండన్ పోనక్కర్లేదు. ఫోను, ఒక తెల్లకాగితం, కొంచెం ఓపిక ఉంటే చాలు. వెల్లెస్లీ ఫ్యామిలీనే ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్క ఫ్యామిలీలో దాదాపు అన్ని రకాల మలుపులూ ఉన్నాయి, పైగా మనూరితో చుట్టరికం ఉంది. 1799లో టిప్పు మీదకి పోయినప్పుడు నిజాం సైన్యంతో కలిసి నడిచింది ఈ ఆర్థరే, ఆ నిజాం సైన్యానికి పెద్దగా వెళ్లింది మీర్ ఆలం, జూపార్క్ పక్కన చెరువు ఉందే, ఆ మీర్ ఆలం.

ముందు ఏ బిరుదో తేల్చుకోండి

అందరూ ఇక్కడే జారిపోతారు. ఒక్క మనిషి దగ్గర నాలుగైదు బిరుదులు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో ఏడాది ఇచ్చింది, ఒక్కోటి ఒక్కో తాత దగ్గర మొదలైంది. అందుకే "వెల్లెస్లీ బిరుదు ఎవరికి పోయింది" అని అడిగితే జవాబు రాదు. ఫలానా బిరుదు ఎవరికి పోయింది అని విడివిడిగా అడగాలి.

కాగితం తీసుకుని రిచర్డ్ పేరు రాసి కింద ఇలా వేయండి. బ్యారన్ మార్నింగ్టన్, 1746, తాతకి ఇచ్చారు. ఎర్ల్ ఆఫ్ మార్నింగ్టన్, 1760, నాన్నకి ఇచ్చారు. బ్యారన్ వెల్లెస్లీ, 1797, తనకే. మార్క్వెస్ వెల్లెస్లీ, 1799, శ్రీరంగపట్నం పడిపోయాక, అదీ తనకే. ఎవరికి ఇచ్చారు అన్న కాలమే మొత్తం కథ నడిపిస్తుంది, అది మాత్రం ఖాళీ వదలొద్దు.

ర్యాంకులు ఐదే. పైనుంచి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్. వీటి కింద బ్యారనెట్ అని ఒకటుంది, 1611లో మొదటి జేమ్స్ రాజు పెట్టింది, అదీ తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది కానీ దాన్ని ప్రభువుల లెక్కలో వేయరు, ఆయన్ని లార్డ్ అనరు, సర్ అంటారు. బ్యారన్, బ్యారనెట్ ఒకటే అనుకుని క్విజ్‌లలో పాయింట్లు పోగొట్టుకున్న టీములు చాలా ఉన్నాయి.

దేశం కూడా రాసుకోండి. 1707కి ముందు ఇంగ్లండ్ బిరుదులు వేరు, స్కాట్లండ్ వేరు. 1707 నుంచి 1800 దాకా గ్రేట్ బ్రిటన్, 1801 నుంచి యునైటెడ్ కింగ్‌డమ్. ఐర్లండ్‌ది మొదట్నుంచీ సెపరేట్ లైను. మార్నింగ్టన్ బిరుదులు ఐర్లండ్‌వి. రిచర్డ్ టిప్పుని పడగొట్టాక మంచి ఇంగ్లిష్ బిరుదు వస్తుందని ఆశ పెట్టుకుని కూర్చుంటే ఐర్లండ్ మార్క్వెస్ చేశారు, అప్పట్లో లండన్‌లో ఐరిష్ బిరుదంటే ఒక మెట్టు తక్కువ చూపు, ఆయనకి ఒళ్లు మండిపోయి దాన్ని రెండుసార్లు బంగారుపూత పూసిన ఆలుగడ్డ అని తిట్టుకున్నాడు. మన బళ్లో చదివిన మహా గంభీరమైన లార్డ్ వెల్లెస్లీ ఈయనే.

పేర్ల స్పెల్లింగ్ జాగ్రత్త. వీళ్ల తాత అసలు పేరు రిచర్డ్ కాలీ. వెస్లీ అనే చుట్టం ఆస్తి రావడంతో 1728లో వెస్లీ అని ఇంటిపేరు మార్చుకున్నాడు, తర్వాత 1798 ప్రాంతంలో ఫ్యామిలీ వెల్లెస్లీకి మారింది. అంటే ఆర్థర్ కుర్రాడిగా సైన్యంలో చేరినప్పటి కాగితాల్లో వెల్లెస్లీ అని వెతికితే దొరకడు. మూడు ఇంటిపేర్లతోనూ వెతకండి.

అసలు కాగితం చదవండి

బిరుదు పుట్టేది రాజుగారి సీలు వేసిన కాగితంతో, దాన్ని లెటర్స్ పేటెంట్ అంటారు. హైదరాబాద్‌లో ప్లాట్ కొనేముందు లింక్ డాక్యుమెంట్లు వెనక్కి వెనక్కి చూసుకుంటూ మొదటి దస్తావేజు దాకా పోతాం కదా, ఇక్కడ కూడా పని అదే. ఆ పేటెంట్‌లో ఈ బిరుదు ఈయన తర్వాత ఎవరెవరికి చెందాలి అని ఒక వాక్యం ఉంటుంది, దాన్ని రిమైండర్ అంటారు. నూటికి తొంభై పేటెంట్లలో ఉండే మాట "హెయిర్స్ మేల్ ఆఫ్ హిజ్ బాడీ". అంటే ఆయన కడుపున పుట్టిన మగ సంతానం, వాళ్ల మగ సంతానం, అట్లా మగవాళ్ల గొలుసు మాత్రమే. పెళ్లిలో పుట్టినవాళ్లే. తమ్ముళ్లు లెక్కలో లేరు, కూతుళ్లు లేరు, కూతురి కొడుకులూ లేరు.

ఈ వాక్యం ఎక్కడ దొరుకుతుందంటే, బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్ పాత సంచికలన్నీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి, బిరుదు ఇచ్చిన ఏడాది ఫిల్టర్ పెట్టి ఆ పేరుతో వెతికితే వైట్‌హాల్ అనే హెడ్డింగ్ కింద చిన్న పేరా వస్తుంది. ఒక తిరకాసు ఉంది. 1800కి ముందు అచ్చులో ఇంగ్లిష్ ఎస్ అక్షరాన్ని పదం మధ్యలో పొడుగ్గా వేసేవాళ్లు, చూడ్డానికి ఎఫ్ లాగే ఉంటుంది, కంప్యూటర్ కూడా దాన్ని ఎఫ్ అనే చదివేస్తుంది. అందుకని వెల్లెస్లీ అని కొడితే ఏమీ రాకపోతే ఎస్ ఉన్నచోట ఎఫ్ పెట్టి మళ్లీ కొట్టండి, టక్కున పడుతుంది. ఇది తెలీక రికార్డు లేదనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ.

పాత పద్ధతి ఇష్టమైతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల్లో ప్రభువుల వంశావళి డైరెక్టరీలు అప్పుడప్పుడూ దొరుకుతాయి, అట్ట ఊడిపోయి, చెదలు తిని. చదవడానికి మజాగా ఉంటాయి కానీ అవి నమ్మి ఫైనల్ చేయకండి, పాతకాలంలో ఆ డైరెక్టరీలకి ఫ్యామిలీలే తమ గొప్పలు రాసి పంపేవి.

ఇప్పుడు చెట్టు గీయండి, కిందకి దిగి పక్కకి జరగండి

రూల్ చిన్నదే. చనిపోయినాయన పెద్దకొడుకు. అతను ముందే పోయుంటే అతని పెద్దకొడుకు, అంటే మనవడు, బాబాయి బతికున్నా సరే మనవడికే. ఆ కొమ్మ మొత్తం ఖాళీ అయితే రెండో కొడుకు కొమ్మ. అన్ని కొమ్మలూ అయిపోతే ఒక తరం పైకెక్కి, ఆయన తమ్ముళ్ల కొమ్మల్లోకి. కానీ పైకెక్కడం ఎక్కడిదాకా? మొదట బిరుదు అందుకున్న మనిషి దాకానే, ఆయన్ని దాటి ఒక్క మెట్టు కూడా పైకి పోవడానికి లేదు. అందుకే ఎవరికి ఇచ్చారు కాలమ్ ఖాళీ వదలొద్దన్నది.

ఇప్పుడు 1842కి రండి. రిచర్డ్ చనిపోయాడు, చట్టం ఒప్పుకునే కొడుకు లేడు. మార్క్వెస్ వెల్లెస్లీ, బ్యారన్ వెల్లెస్లీ రెండూ మొదట తనకే ఇచ్చినవి, పైకెక్కడానికి లేదు, కాబట్టి రెండూ అక్కడితో ఖతం. మార్నింగ్టన్ మాత్రం నాన్నకి ఇచ్చింది, కాబట్టి ఒక మెట్టు ఎక్కి నాన్న రెండో కొమ్మలోకి దిగొచ్చు. అట్లా తమ్ముడు విలియం 3వ ఎర్ల్ ఆఫ్ మార్నింగ్టన్ అయ్యాడు. ఈ విలియంకి 1821లో సొంతంగా బ్యారన్ మేరీబరో అని కూడా ఇచ్చారు. అది రాసి పెట్టుకోండి, పని పడుతుంది.

విలియం 1845లో పోయాడు, కొడుకు 4వ ఎర్ల్. ఈ మహానుభావుడు ఇంగ్లండ్‌లోకెల్లా డబ్బున్న అమ్మాయిల్లో ఒకామెని పెళ్లి చేసుకుని ఆమె ఆస్తంతా తగలేశాడు, లండన్ శివార్లలో వాన్‌స్టెడ్ హౌస్ అనే రాజభవనం లాంటి ఇంట్లో సామాన్లు 1822లో వేలం వేసి, తర్వాత ఇంటినే కూలగొట్టించి రాళ్లు అమ్ముకునే దాకా వచ్చింది. ఆఖరికి కోర్టు ఆయన పిల్లల్ని ఆయన దగ్గర ఉంచడానికి కూడా ఒప్పుకోలేదు. బిరుదు మాత్రం చెక్కు చెదరలేదు, తగలేయడానికి కుదరని ఆస్తి అదొక్కటే. 1857లో ఆయన పోతే కొడుకు 5వ ఎర్ల్ అయ్యాడు, పెళ్లి చేసుకోకుండానే 1863లో పోయాడు.

ఇప్పుడు పెన్ను పట్టుకుని మీరే చేయండి. బ్యారన్ మేరీబరో విలియంకి ఇచ్చింది, విలియం మగ గొలుసు తెగిపోయింది, కాబట్టి పోయింది. మార్నింగ్టన్ మొదలైంది విలియం నాన్న దగ్గర. ఆయన కొడుకుల్లో పెద్ద రిచర్డ్ కొమ్మ లేదు, విలియం కొమ్మ లేదు, తర్వాతి కొమ్మ ఆర్థర్‌ది. ఆర్థర్ 1852లోనే పోయాడు, కొడుకు 2వ డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఉన్నాడు. అంతే, 1863 నుంచి మార్నింగ్టన్ బిరుదు వెల్లింగ్టన్ డ్యూకుల జేబులో ఉంది. ఒకేరోజు ఒకే మనిషి చావుతో ఒక బిరుదు ఆరిపోయి ఇంకోటి వేరే ఇంటికి నడిచిపోయింది, రెండింటికీ రూల్ ఒకటే, మొదలైన చోటు వేరు.

రేపు ఎప్పుడైనా వెల్లింగ్టన్ మగ గొలుసు మొత్తం తెగిపోతే ఏమవుతుందో కూడా దీన్ని బట్టి చెప్పొచ్చు. డ్యూక్ బిరుదు ఆర్థర్‌కి ఇచ్చింది కాబట్టి పోతుంది. మార్నింగ్టన్ మాత్రం వాళ్ల ఆఖరి తమ్ముడు హెన్రీ కొమ్మలోకి, అంటే ఇప్పుడు ఎర్ల్ కౌలీ అనిపించుకునే ఇంటికి పోవడానికి దారి ఉంది.

1943, బాబాయికి దిగిన బిరుదు

డ్యూక్‌ల లిస్టు చూసి తండ్రి, కొడుకు, మనవడు అని వరసగా ఊహించేసుకోకండి. వెల్లింగ్టన్‌లో ఎనిమిదిసార్లు చేతులు మారితే మూడుసార్లు కొడుక్కి పోలేదు. 2వ డ్యూక్‌కి పిల్లల్లేరు, 1884లో తమ్ముడి కొడుక్కి పోయింది. ఆ 3వ డ్యూక్‌కీ లేరు, 1900లో అతని తమ్ముడికి. మూడోది మనసు పిండేసేది. 6వ డ్యూక్ హెన్రీ కమాండోగా ఇటలీలో సలెర్నో దగ్గర 1943 సెప్టెంబర్‌లో యుద్ధంలో చనిపోయాడు, ముప్పై ఒక్కేళ్ల బ్రహ్మచారి. తమ్ముళ్లు లేరు, అక్క ఉంది కానీ గొలుసులో ఆమెకి చోటు లేదు. ఒక మెట్టెక్కి, తాత 4వ డ్యూక్ కొడుకుల్ని చూడాలి. పెద్దవాడు హెన్రీ తండ్రే, అయిపోయింది. రెండోవాడు రిచర్డ్ 1914లోనే మొదటి ప్రపంచయుద్ధంలో పోయాడు, కూతుళ్లే. మూడోవాడు జెరాల్డ్, ఆర్కిటెక్టు. అలా బిరుదు ముందుకి పోయేది కాస్తా వెనక్కి తిరిగి బాబాయిని వెతుక్కుంది, ఆయన 7వ డ్యూక్.

ఇక్కడ ఇంకో ముడి. మొదటి డ్యూక్‌కి స్పెయిన్ వాళ్లు 1812లో డ్యూక్ ఆఫ్ సియుదాద్ రోడ్రిగో అని ఇచ్చారు, నెపోలియన్ సైన్యాన్ని తరిమినందుకు. అది స్పెయిన్ రూల్ ప్రకారం నడుస్తుంది, అప్పట్లో అక్కడ కొడుకు లేకపోతే ఆడవాళ్లకీ హక్కుండేది. అందుకని 1943లో ఇంగ్లిష్ బిరుదు బాబాయికి, స్పానిష్ బిరుదు అక్క ఆన్‌కి పోయాయి. 1949లో ఆమె బాబాయికి వదిలేసుకుంది, మళ్లీ రెండూ ఒకచోట చేరాయి. విదేశీ బిరుదు కనపడితే ఆ దేశం రూల్ చూడకుండా ఇంగ్లిష్ రూల్ వేసేయకండి.

చెట్టులో ఉండీ లెక్కలో లేనివాళ్లు

రిచర్డ్ వెల్లెస్లీకి పిల్లలు లేరు అని ఎక్కడైనా చదివితే నమ్మకండి. ఫ్రెంచ్ అమ్మాయి హయసింత్‌తో కొడుకులూ కూతుళ్లూ ఉన్నారు, కానీ అందరూ 1794లో వాళ్ల పెళ్లి జరక్కముందే పుట్టారు. తర్వాత పెళ్లి చేసుకున్నా ఇంగ్లండ్ చట్టం వాళ్లని వారసులుగా చూడలేదు. 1926లో తర్వాతి పెళ్లితో పిల్లలకి చట్టబద్ధత ఇచ్చే చట్టం తెచ్చినప్పుడు కూడా బిరుదుల్ని అందులోంచి తీసి పక్కన పెట్టారు. అయితే విధి చూడండి, ఆ కూతుళ్లలో ఆన్ అనే ఆవిడ మునిమనవరాలు క్వీన్ మదర్, అంటే రెండో ఎలిజబెత్ రాణి తల్లి. నాన్న ఆలుగడ్డ బిరుదు దక్కని పిల్ల సంతతి బ్రిటన్ సింహాసనం మీదే కూర్చుంది.

మన కోఠి రెసిడెన్సీలోనే ఇంకో ఉదాహరణ ఉంది. చార్ల్స్ మెట్‌కాఫ్ 1820 నుంచి 1825 దాకా ఇక్కడ రెసిడెంట్, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధి, పామర్ కంపెనీ అప్పుల వ్యవహారంలో ఎదురు తిరిగినాయన. ఆయన నాన్నకి 1802లో బ్యారనెట్ ఇచ్చారు, అన్నకి దిగింది, అన్న 1822లో పోతే హైదరాబాద్‌లో ఉండగానే మెట్‌కాఫ్ 3వ బ్యారనెట్ అయిపోయాడు. చివర్లో 1845లో బ్యారన్ కూడా చేశారు. 1846లో పోయాడు. కొడుకులున్నారు కానీ తల్లితో చట్టప్రకారం పెళ్లి లేదు. బ్యారన్ తనకే ఇచ్చింది కాబట్టి రెండేళ్లు తిరక్కుండానే ఆరిపోయింది, బ్యారనెట్ నాన్నది కాబట్టి ఢిల్లీలో ఉన్న తమ్ముడు థామస్‌కి పోయింది. 1842 లెక్కే, పేర్లు మారాయంతే.

దత్తపుత్రుడికీ దక్కదు. 2004 నుంచి దత్తత పిల్లలు పేరుకి ముందు మర్యాద మాట పెట్టుకోవచ్చన్నారు, బిరుదు మాత్రం రాదు. వీలునామా రాసి ఇష్టమైనవాళ్లకి ఇవ్వడం అసలు కుదరదు. మన నిజాం సంగతి వేరు, ఉస్మాన్ అలీ ఖాన్ పెద్దకొడుకు ఆజమ్ జాని పక్కనపెట్టి మనవడు ముకర్రం జాని వారసుడిగా ప్రకటించాడు, 1967లో ఆయన పోయాక అదే జరిగింది. బ్రిటిష్ డ్యూక్‌కి ఆ పవర్ లేదు, ఇల్లూ భూములూ కోపమొచ్చి ఎవరికి రాసినా బిరుదు మాత్రం పేటెంట్ చెప్పినవాడికే, వాడితో మాటల్లేకపోయినా సరే.

ఆడవాళ్లకి వచ్చే దారులు

కొన్ని పేటెంట్లలో స్పెషల్ రిమైండర్ ఉంటుంది, అందుకే అసలు వాక్యం చదవమని మొత్తుకునేది. కాన్పూర్‌లో పుట్టిన ఫీల్డ్ మార్షల్ రాబర్ట్స్ కొడుకు 1899లో బోయర్ యుద్ధంలో చనిపోయాడు. 1901లో రాబర్ట్స్‌ని ఎర్ల్ చేసినప్పుడు కూతుళ్లకి పోయేలా రాశారు, 1914లో పెద్దకూతురు, 1944లో రెండో కూతురు కౌంటెస్‌లు అయ్యారు, 1955లో ఆమెతో ఆగిపోయింది. మనకి బాగా తెలిసిన మౌంట్‌బాటెన్‌దీ అంతే, కొడుకులు లేరు కాబట్టి 1947 పేటెంట్‌లోనే కూతుళ్ల మాట పెట్టారు, 1979లో ఆయన హత్య తర్వాత పెద్దకూతురు ప్యాట్రీషియా కౌంటెస్ అయింది, 2017లో ఆమె కొడుక్కి దిగింది.

ఇంకా పాత బిరుదులు కొన్ని అసలు పేటెంట్ లేకుండా, పార్లమెంటుకి రమ్మని రాజు పంపిన పిలుపుతోనే పుట్టాయి. అవి కొడుకు లేకపోతే కూతురికి పోతాయి. కానీ ఇద్దరు ముగ్గురు కూతుళ్లుంటే పెద్దది చిన్నది అనే తేడా లేదు, అందరికీ సమానం, అందుకని ఎవరికీ ఇవ్వకుండా గాల్లో వేలాడదీస్తారు, దీన్ని అబేయన్స్ అంటారు. గ్రే ఆఫ్ కాడ్నర్ అనే బిరుదు 1496లో అలా వేలాడ్డం మొదలెట్టి 1989లో కిందకి దిగింది. ఇన్ని వందల ఏళ్ల గ్యాప్ చూసి టైపింగ్ తప్పేమో అనుకోకండి. 2013లో రాజసింహాసనానికి ఆడ మగ తేడా తీసేశారు కదా, ప్రభువుల బిరుదులకి ఆ చట్టం వర్తించదు.

రుజువు లేకపోతే రక్తం పనికిరాదు

వంశంలో ఎవరు ముందున్నారు అనేది ఒకటి, అది కాగితాలతో నిరూపించడం ఇంకోటి. దీనికి మనదేశం కేసే బెస్ట్. సత్యేంద్ర ప్రసన్న సిన్హాకి 1919లో బ్యారన్ సిన్హా ఆఫ్ రాయపూర్ అని ఇచ్చారు, ఈ రాయపూర్ బెంగాల్‌లో ఉన్న ఊరు, ఛత్తీస్‌గఢ్‌ది అనుకోకండి. 1928లో ఆయన పోతే కొడుకు అరుణ్ కుమార్ సిన్హాకి వెంటనే రావాలి కదా, రాలేదు. తల్లిదండ్రుల పెళ్లికి రిజిస్టర్ లేదు. పైగా హిందూ పెళ్లిలో అప్పట్లో రెండో పెళ్లికి కూడా వీలుండేది కాబట్టి ఆ పెళ్లిని ఇంగ్లిష్ చట్టం ఒప్పుకుంటుందా అన్న పేచీ వచ్చింది. దంపతులు బ్రహ్మసమాజంలో చేరారు, అందులో ఒక్క పెళ్లే, అదీ కొడుకు పుట్టకముందే అని తేలాక 1939లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ ఒప్పుకుంది. పదకొండేళ్లు!

ఇప్పుడు ఈ పనికి ఒక అధికారిక లిస్టు ఉంది, రోల్ ఆఫ్ ది పీరేజ్ అంటారు, 2004లో రాణి ఆర్డర్‌తో పెట్టారు. వారసుడు జననం, పెళ్లి, మరణం సర్టిఫికెట్లు పెట్టుకుని అందులో పేరు ఎక్కించుకోవాలి, లేకపోతే ప్రభుత్వ కాగితాల్లో ఆయన్ని ఆ బిరుదుతో పిలవరు. ఇది ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మీ చెట్టు లెక్క కరెక్టో కాదో ఆఖర్న దీంతో టాలీ చేసుకోండి. పేరు లేదంటే బిరుదు పోయిందని కాదు, ఎవరూ ఇంకా నిరూపించుకోలేదని కూడా కావచ్చు, ఆ తేడా గుర్తుంచుకోండి. బ్యారనెట్లకి వేరే రోల్ ఉంది.

చిన్న చిన్న ఉచ్చులు

డ్యూక్ బతికుండగానే ఆయన పెద్దకొడుకుని మార్క్వెస్ అనడం చూస్తే కంగారు పడకండి, అది మర్యాదకి వాడే పేరు, నాన్నకున్న చిన్న బిరుదుల్లోంచి ఒకటి అప్పు తీసుకుంటాడు. వెల్లింగ్టన్ ఇంట్లో పెద్దకొడుకు మార్క్వెస్ ఆఫ్ డౌరో, అతని పెద్దకొడుకు ఎర్ల్ ఆఫ్ మార్నింగ్టన్. ఇద్దరి దగ్గరా అసలు బిరుదు లేదు, అన్నీ డ్యూక్ దగ్గరే ఉన్నాయి. డ్యూక్ చిన్నకొడుకుల్ని లార్డ్ అని ముందు పెట్టి మొదటి పేరుతో పిలుస్తారు, వాళ్ల పిల్లలకి అదీ రాదు.

పెద్దకొడుకు అయితే వారసత్వం ఖాయం. తమ్ముడో బాబాయి కొడుకో వరసలో ఉంటే ఎప్పుడైనా ఒక మగబిడ్డ పుట్టి తోసేయొచ్చు. బిరుదున్నాయన పోయేనాటికి భార్య గర్భవతి అయితే బిడ్డ పుట్టేదాకా అందరూ ఆగాల్సిందే.

ఒకే పేరు బిరుదు ఆరిపోయాక మళ్లీ కొత్తగా ఇస్తే నంబర్ ఒకటి నుంచి మొదలవుతుంది. డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా 1726లో, 1866లో, 1947లో, 2023లో ఇచ్చారు. 1947ది ఫిలిప్‌ది, ఆయన 2021లో పోతే పెద్దకొడుకు చార్ల్స్‌కి దిగింది, చార్ల్స్ రాజయ్యాక కిరీటంలో కలిసిపోయింది, 2023లో ఎడ్వర్డ్‌కి ఇచ్చింది ఆయన బతికున్నంతకాలమే. అందుకే ఏ డ్యూక్ ఎవరు అన్నప్పుడు ఏ ఏడాది ఇచ్చిన బిరుదో కూడా రాయాలి.

ఈ రోజుల్లో వార్తల్లో కనిపించే లార్డ్‌లలో ఎక్కువమంది 1958 చట్టం కింద వచ్చినవాళ్లు, అది వాళ్లతోనే పోతుంది, చెట్టు గీయడం వేస్ట్. 1999లో వంశపారంపర్య ప్రభువుల్లో 92 మందిని ఉంచి మిగతావాళ్లని హౌస్ ఆఫ్ లార్డ్స్ నుంచి పంపేశారు, సీటు పోయింది కానీ బిరుదు పోలేదు. 1963 చట్టంతో వద్దనుకుంటే వదులుకోవచ్చు కూడా, టోనీ బెన్ అలా వదిలేసి ఎంపీగా ఉండిపోయాడు, కానీ వదిలేసింది తన జీవితకాలానికే, 2014లో ఆయన పోగానే కొడుకు వైకౌంట్ అయిపోయాడు. ఇక స్కాట్లండ్‌లో చదరపు అడుగు స్థలం కొంటే లార్డ్ అవుతారని ఫోన్‌లో వచ్చే యాడ్‌లు చూసి పెళ్లిరోజు గిఫ్టుగా కొనేవాళ్లున్నారు, ఫ్రేమ్ కట్టించుకోవడానికి బానే ఉంటుంది, ఈ గైడ్‌లో చెప్పిన ఏ బిరుదుతోనూ దానికి సంబంధం లేదు. అసలు బిరుదులు అమ్మడం 1925 నుంచి అక్కడ నేరం.

మొత్తం తేల్చుకున్నాక ఫొటో కింద క్యాప్షనో, క్విజ్ ప్రశ్నో రాసేటప్పుడు ఆ రోజుకి ఆ మనిషి దగ్గర ఏముందో అదే రాయండి. 1798 మే నెలలో కలకత్తాలో దిగినాయన ఎర్ల్ ఆఫ్ మార్నింగ్టన్, మార్క్వెస్ వెల్లెస్లీ అయ్యింది 1799 చివర్లో. 1803లో అసాయే యుద్ధం గెలిచింది మేజర్ జనరల్ ఆర్థర్ వెల్లెస్లీ, వెల్లింగ్టన్ అనే పేరు 1809 దాకా పుట్టనేలేదు, అదీ ఆయన స్పెయిన్‌లో యుద్ధంలో ఉంటే అన్న విలియం, ఆ మేరీబరో విలియమే, ఇంటిపేరుకి దగ్గరగా ఉందని సోమర్‌సెట్‌లో ఒక ఊరి పేరు చూసి ఆయన తరఫున ఖాయం చేసేశాడు. డ్యూక్ అయ్యింది 1814లో.